లోపల వదిలిన గుడ్డ

రాజనర్సు తన భార్య దేవవ్వ ఒంటికి ఏనాడూ టేపు పెట్టి ఎరగడు. అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టళ్ళున్న సందులో అతనిది టైలర్ దుకాణం. ఎవరొచ్చినా సరే, కొలతకు ఆది జాకెట్టు తేవలసిందే. తేకపోతే కలెక్టరు గారి భార్యనైనా ఇంటికి తిప్పి పంపుతాడు. ఒక్క దేవవ్వకు మాత్రం ఆదీ లేదు, టేపూ లేదు. ఎదురుగా నిలబడమంటాడు, తల కాస్త పక్కకు వంచి చూస్తాడు, బట్ట మీద సుద్దతో గీసేస్తాడు. సిరిసిల్లలో పెళ్ళయిన కొత్తలో కుట్టిన మొదటి జాకెట్టు నుంచీ అదే తంతు. ఆమె ఒళ్ళు చేసినా, కూతురు మంజుశ్రీ పుట్టాక ఇంకాస్త చేసినా, మొన్నటి జబ్బుతో సగమైపోయినా అతని కన్ను తప్పలేదు. ఈ గొప్ప ఆ సందులో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే రాజనర్సుకు నిద్రపట్టదు.

అతనికి ఇంకో గొప్ప కూడా ఉంది. జాకెట్టు పక్కన ఒక్క కుట్టు లాగించి చేతులు దులుపుకునే రకం కాదు. లోపల వేలెడు గుడ్డ వదిలి, దాని మీద వరసగా మూడు కుట్లు వేస్తాడు. ఒళ్ళు వస్తే ఒక వరస విప్పుకోవచ్చు, ఇంకా వస్తే రెండోది.

"ఆడోళ్ళ ఒళ్ళు ఏడాదికో తీరుంటది. లోపట గుడ్డ వదలనోడు టైలరెట్లయితడు?" అంటాడు, పక్క సందులోని కుర్ర టైలర్లను ఉద్దేశించి.

నిరుడు దేవవ్వకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. పంజాగుట్టలోని ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది, ఆ తర్వాత కీమో మొదలుపెట్టారు. ఆమె చేతి నరాలు దారప్పోగుల్లా సన్నం. సూది గుచ్చిన చోటల్లా నల్లగా కమిలి, రెండు చేతులూ చూడ్డానికి భయంగా తయారయ్యాయి. అప్పుడు డాక్టర్ హైందవి కుడి భుజం కింద, ఛాతీ పైభాగాన, చర్మం లోపల ఒక పోర్టు పెట్టింది. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దదుంటుంది. దానికి అతికిన సన్నటి గొట్టం మెడలోని పెద్ద నరంలో దూరి గుండె దగ్గర దాకా పోతుంది. ఇక చేతుల జోలికి పోనక్కర్లేదు. పోర్టు మీద సూది గుచ్చి కీమో మందు ఎక్కించడమే.

రాజనర్సు దాన్ని మొదటిసారి వేలితో తడిమి చూసి, "ఇన్నేండ్లు నేను బట్టలకు గుండీలు కుడితి. డాక్టరమ్మ సీదా నీకే కుట్టింది," అన్నాడు. దేవవ్వ నవ్వింది. ఆ రోజు నుంచీ ఇంట్లో దాని పేరు గుండీ అయింది.

కీమో రోజు తొడుక్కోవడానికి అతను ఆమెకు ప్రత్యేకంగా జాకెట్లు కుట్టాడు. కుడి భుజం దగ్గర చిన్న కిటికీ రెక్క లాంటిది పెట్టి, దానికి టిచ్ బటన్లు వేశాడు. నర్సు మంజూష ఆ రెక్క తీసి సూది గుచ్చేస్తుంది, మనిషి జాకెట్టు విప్పే పని లేదు. "ఎవరు కుట్టారమ్మా ఇది, భలే ఉందే!" అని మంజూష అడిగితే, దేవవ్వ పక్కనున్న మనిషిని కంటితో చూపించి, ఏదో తాను కుట్టినంతగా మురిసిపోయింది.

మంజూష ఆ రోజే జాగ్రత్తలు కూడా చెప్పింది. "జ్వరం వచ్చినా, చలి పుట్టినా, పోర్టు చుట్టూ ఎర్రబడినా వెంటనే వచ్చేయాలి. ఇంకోటి, ఈ వైపు చెయ్యి గానీ మెడ గానీ వాచిందనుకోండి, అస్సలు ఆగొద్దు. గొట్టం చుట్టూ నరంలో రక్తం గడ్డకడితే అలా వాస్తుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందమ్మా."

రాజనర్సు ఆమె చేత ఆ మాటలు ఇంకోసారి చెప్పించుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం దుకాణం షట్టర్ దించి రాగానే, సబ్బుతో చేతులు కడుక్కుని, ట్యూబులైటు కింద దేవవ్వను కూర్చోబెట్టి, రెక్క తీసి చూస్తాడు. థర్మామీటర్ పెడతాడు. "గుండీ మంచిగున్నది," అని తీర్పు చెప్పాకే కంచం ముందు కూర్చుంటాడు. దేవవ్వకు ఈ హడావుడి చూస్తే నవ్వొస్తుంది, అంతకంటే ఎక్కువగా ఏడుపొస్తుంది.

ఇలా ఉండగా ఛాయాదేవి గారి జాకెట్టు సంగతి జరిగింది. సందు చివరి అపార్ట్‌మెంట్‌లో ఉంటారావిడ, సొంతూరు భీమవరం. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కని పట్టు జాకెట్టు కుట్టించుకుని, మర్నాడే పట్టుకొచ్చారు.

"ఏంటి రాజనర్సు గారూ, నాకు రెండూ ఎడమ చేతులే ఉన్నాయనుకున్నారా?" అన్నారు నవ్వుతూ.

నిజమే. బట్ట మడతేసేటప్పుడు తిరగేసి వేశాడు కాబోలు, రెండూ ఎడమ చేతులే వచ్చాయి. కుడివైపు భుజం ముందర ముడతలు పడి అసహ్యంగా ఉంది. ఆవిడ కోప్పడలేదు. "పోనీలెండి, దేవవ్వకు ఒంట్లో బాలేదు కదా, మనసెక్కడుంటుంది," అని ఊరుకున్నారు. అలా ఊరుకోవడమే రాజనర్సును చంపేసింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఆ రాత్రి కంచం ముట్టలేదు.

"నా చెయ్యి పోయిందే," అన్నాడు గోడకేసి చూస్తూ. "కత్తెర పట్టినప్పుడు సుత నీ గుండీనే కండ్ల ముంగట కనవడుతది."

"ఒక్క జాకెట్టు తప్పు పోతే చెయ్యి పోతదా? ఊకో," అంది దేవవ్వ. ఊరుకోమన్నదే గాని, ఆమెకు మాత్రం గుండెలో కలుక్కుమంది. జబ్బు తనకొచ్చింది, బాగానే ఉంది, తెగించి భరిస్తోంది. అది ఈ మనిషి చేతిలోకి కూడా పాకితే తాను ఎవరికి మొక్కాలి? ఆ చేతిని చూసే కదా ఇన్నేళ్ళూ ఆమె ధైర్యంగా బతికింది.

ఆ తర్వాతి కీమో అయిన కొన్నాళ్ళకు, అతను కొత్తగా కుట్టిన వంగపండు రంగు జాకెట్టు తొడుక్కుంటుంటే కుడి చెయ్యి దగ్గర బిగుతుగా పట్టింది. ఎడమ చెయ్యి హాయిగా దూరింది. ఒళ్ళు వచ్చిందనుకుందామంటే రెండు చేతులూ బిగుతవ్వాలి కదా. ఒకటి బాగుండి ఒకటి పట్టేస్తే తప్పు ఎవరిది? దేవవ్వ లెక్క ప్రకారం తప్పు కత్తెరదే. నేతగాళ్ళ ఇంట్లో పుట్టి టైలర్ ఇంటికి వచ్చిన మనిషి. బట్ట పట్టకపోతే బట్టనే అనుమానిస్తుంది గాని ఒంటిని అనుమానించదు.

అయితే ఈ సంగతి ఆయనకు చెప్పడం ఎలా? ఛాయాదేవి గారి జాకెట్టు తప్పితేనే కంచం ముట్టనివాడు, కంటిచూపుతో కత్తిరించే పెళ్ళాం జాకెట్టే తప్పిందంటే ఇక కత్తెర పట్టడు. దేవవ్వ బాగా ఆలోచించి, అతను దుకాణంలో ఉన్నప్పుడు జాకెట్టు తిరగేసి, బ్లేడుతో కుడి చేతి కుట్టు ఒక వరస విప్పేసింది. దారప్పోగులు ఏరి చెత్తబుట్ట అడుక్కి తోసింది. మొగుడు గొప్పగా వదిలిన గుడ్డ మొగుడి పరువు కాపాడటానికే పనికొచ్చిందని లోలోపల సంతోషించింది కూడా.

నాలుగు రోజులకు మళ్ళీ పట్టేసింది. పాత జాకెట్లు కూడా పట్టేస్తున్నాయి. ఇక్కడైనా అనుమానం రావాల్సింది. రాలేదు. ఆమెకు తెలిసిన వాపు వేరు: కందిరీగ కుడితే ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఇక్కడ నొప్పా లేదు, ఎరుపా లేదు, కాస్త బరువుగా ఉందంతే. ఎర్రగడ్డ రైతుబజారు నుంచి కూరగాయల సంచి మోసుకొచ్చింది కదా, అందుకు లాగుతోందనుకుంది. పాత జాకెట్ల సంగతంటారా, ఉతికితే ముడుచుకుని ఉంటాయని తేల్చేసింది. మనిషికి ప్రేమ ఎక్కువైతే బుద్ధి కూడా దాని చెప్పుచేతల్లోనే నడుస్తుంది. రెండో వరస కూడా విప్పింది. అద్దంలో కుడి భుజం మీద నీలంగా నరాలు తేలి కనిపిస్తే, కీమో వేడి అనుకుని పైట సర్దుకుంది.

మరి రోజూ చూసే రాజనర్సు కంటికేమైంది? అతను చూసేది గుండీనే. దాని చుట్టూ చర్మం ఎర్రబడకుండా, శుభ్రంగా ఉంది, జ్వరం లేదు. పైగా ఆ కీమో మందు వల్ల చల్లగాలి తగిలితే వేళ్ళలో సూదులు గుచ్చినట్టుంటుందని దేవవ్వ ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకునే తిరుగుతోంది. రెక్క తెరిచినంత మేరే అతనికి కనిపించేది.

మూడో వరస విప్పాక ఇక కుట్టు లేదు. గుడ్డ అంచున దేవవ్వ తన చేత్తోనే సూదీ దారంతో కుట్టుకుంది. కంటిచూపు ఆనక వంకర టింకరగా వచ్చింది.

ఆదివారం పొద్దున మబ్బు పట్టింది. చినుకులు పడతాయేమోనని రాజనర్సు డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చి మంచం మీద వేశాడు. వంగపండు రంగు జాకెట్టు తిరగేసి ఉంది. మడత పెట్టబోయి ఆగిపోయాడు.

"ఏమే, గీ కుట్టెవరిది?"

దేవవ్వ వంటింట్లోంచి తొంగి చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

"నా కుట్టు గాదిది. మూడు వరుసలు విప్పి, గిట్ల కోడి గెలికినట్టు కుట్టిందెవరు? ఎవని దగ్గరికి పోయినవ్? పక్క సందుల పోరని దగ్గరికా?"

అతని మొహం చూస్తే దేవవ్వకు జాలేసింది, నవ్వూ వచ్చింది. ఈ వయసులో ఇంకో టైలర్ మీద అసూయ! ఇక దాచి లాభం లేదని వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవని దగ్గరికి పోలే. నేనే విప్పిన, నేనే కుట్టుకున్న. కుడి చెయ్యి జర బిగుతొచ్చింది. నీకు చెప్తే మనసు నొచ్చుకుంటవని చెప్పలే. నువ్వసలే చెయ్యి పోయిందని గోడకు చూసుకుంట కూసుంటివి."

"కుడి చెయ్యొక్కటేనా?"

"ఒక్కటే. ఎడమది మంచిగనే ఉన్నది."

రాజనర్సు జాకెట్టు వైపు చూశాడు. ముందు ఉక్రోషంగానే మొదలుపెట్టాడు. "బట్ట రెండు మడతలేసి, రెండు చేతులు ఒక్కసారే కత్తిరిస్తరే. ఒక్క కత్తెర దెబ్బకు రెండూ వస్తయి. ఛాయాదేవమ్మ జాకెట్టుకు తిరగమరగ అయ్యిందేమో గాని, ఒకటి పెద్దగ ఒకటి చిన్నగ ఎట్ల..."

జాకెట్టు చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, పాత కుట్టు గుర్తుల దగ్గర సరిచూశాడు. వెంట్రుక వాసి తేడా లేదు.

"శాలువ తియ్యి," అన్నాడు.

ఆ గొంతు విని దేవవ్వ వెంటనే తీసింది. అతను మెడలోంచి టేపు తీశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అది ఆమె ఒంటిని తాకడం అదే మొదలు. ఎడమ చేతి దండ చుట్టూ పెట్టి చూశాడు, కుడి దండ చుట్టూ పెట్టి చూశాడు. నమ్మకం లేక మళ్ళీ ఎడమకు పెట్టాడు. కుడి దండ దగ్గరే టేపు ఎక్కువ పట్టింది.

"ఇది వాపే, దేవా," అన్నాడు. "నర్సమ్మ చెప్పలే? గిదే."

దేవవ్వకు అప్పుడు గుర్తొచ్చింది. ఊపిరితిత్తులు, ప్రాణం మీదికి రావడం, మంజూష చెప్పిన ప్రతి మాటా. అంతకుముందు రోజు నీళ్ళ బిందె ఎత్తినప్పుడు కాస్త ఆయాసం వచ్చిన సంగతి కూడా గుర్తొచ్చింది. దాచి దాచి అలసిపోయిన మనిషి, ఆ మాట కూడా చెప్పేసింది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరం, మెట్రోలో ఒక్క స్టేషన్. మెట్లెక్కితే ఆయాసమొస్తుందని రాజనర్సు ఆటో పిలిచాడు. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఆటోడ్రైవర్‌ని "అన్నా, జర తొందర," అంటూనే ఉన్నాడు. ఇంకో చెయ్యి దేవవ్వ కుడి చేతి కింద పెట్టి, పాలగిన్నె మోసినట్టు మోస్తూ కూర్చున్నాడు. కుదుపుకు ఆ గడ్డ ఎక్కడ కదులుతుందోనని అతని భయం.

ఆసుపత్రిలో మంజూష చూడగానే కోప్పడింది. "చెయ్యి వాస్తే వెంటనే రమ్మన్నానా లేదా అమ్మా?"

"వాచిందనుకోలే బిడ్డా. జాకెట్టు చిన్నగైందనుకున్న," అంది దేవవ్వ.

మంజూష, టేపు ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డ రాజనర్సు వైపు ఒక్కసారి చూసింది. గబగబా డాక్టర్ని పిలవడానికి వెళ్ళింది.

భుజానికి స్కానింగ్ చేశారు. మంజూష చెప్పినట్టే, గొట్టం చుట్టూ నరంలో రక్తం గడ్డకట్టింది. నెత్తురు వెనక్కి మళ్ళే దారి మూసుకుపోయి చెయ్యి వాచింది. డాక్టర్ హైందవి నిదానంగా చెప్పింది. నెత్తురు పలచబడే ఇంజెక్షన్లు ఇప్పుడే మొదలుపెడతాం, పోర్టు పనిచేస్తూనే ఉంది గనక తీయనక్కర్లేదు, కీమో కాస్త ఆలస్యమైతే అవుతుంది. "ఆయాసం వచ్చిందంటున్నారు కదా. గడ్డలో ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో చూడాలి. అదొక్కటే నా భయం," అంది. మొదటి ఇంజెక్షన్ ఇచ్చి, ఛాతీకి సీటీ స్కాన్ తీయించి, రిపోర్టు కోసం వరండాలో కూర్చోబెట్టారు.

ఆ కూర్చోవడం ఎంతసేపో ఇద్దరికీ తెలియలేదు. చక్రాల కుర్చీలో దేవవ్వ, పక్కన బెంచీ మీద రాజనర్సు. అతను టేపును వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

"తిట్టరాదు?" అంది దేవవ్వ చివరికి. "తిడితే నాకు జర నిమ్మళమయితది."

"ఏమని తిట్టాలె?"

"నీ చేతి తప్పనుకున్న. నీ కన్ను తప్పిందనుకున్న. గిన్నేండ్ల సంది ఎన్నడు తప్పని కన్నును అనుమానపడ్డ."

రాజనర్సు తల అడ్డంగా ఊపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"తప్పు నా చేతిదే అయ్యుంటే ఎంత మంచిగుండు," అన్నాడు. "రెండు చేతులు గాదు, బతికినన్నాళ్ళు అన్ని జాకెట్లు చెడగొడుదు. గిదొక్కటి కాకపోతే సాలు."

దేవవ్వ తన ఎడమ చెయ్యి అతని మోకాలి మీద వేసింది. ఎదురుగా పోయేవాళ్ళు చూస్తున్నారని కూడా అనుకోలేదు. ఈ మనిషి కోసం తాను కుట్లు విప్పింది, ఈ మనిషినే ఒంటరిని చేసిపోయే పని చేసిందన్నమాట. ఆ ఆలోచన వచ్చేసరికి ఆమెకు రోగం తెలిసిన రోజు కూడా పుట్టనంత భయం పుట్టింది.

మంజూష రిపోర్టు పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఊపిరితిత్తుల్లోకి పోలేదమ్మా. శుభ్రంగా ఉన్నాయి. ఆయాసం రక్తం తగ్గినందువల్లేనట. ఇంకొన్నాళ్ళు ఇలాగే దాచుంటే మాత్రం..." అని, ఆ మిగతాది చెప్పకుండా దేవవ్వ చెంప మీద చిన్నగా తట్టింది.

రాజనర్సు లేచి నిలబడి మంజూషకు దండం పెట్టాడు. ఆ తర్వాత గోడకు చేరగిలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. రాత్రి కూతురికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, "మీ అమ్మ ఏడ్సింది," అని చెప్పాడు. దేవవ్వ కాదనలేదు.

ఇంజెక్షన్ల తర్వాత మాత్రలకు మార్చారు. వాపు మెల్లగా తీసింది. రోజూ పొద్దున్నే రాజనర్సు రెండు దండలకూ టేపు పెట్టి చూస్తాడు, సాయంత్రం గుండీని చూస్తాడు. ఆగిన కీమో మళ్ళీ మొదలైంది. వంగపండు రంగు జాకెట్టు కుడి చెయ్యి ఇప్పుడు సంచిలా వేలాడుతోంది. దాన్ని సరిచేయనివ్వలేదతను. మడిచి దుకాణంలో తన కుర్చీ వెనక కొక్కేనికి తగిలించుకున్నాడు.

ఆఖరి కీమోకు వెళ్ళే ముందు రోజు కొత్త జాకెట్టు కుట్టి తెచ్చాడు. చిలకాకుపచ్చది, భుజం మీద రెక్క, తెల్లటి టిచ్ బటన్లు. దేవవ్వ అలవాటు కొద్దీ తిరగేసి చూసింది. పక్కన ఒక్కటే కుట్టు. దాని పక్కన గుడ్డ అంచు, అంతే. వేలు పట్టేంత గుడ్డ కూడా లేదు.

"ఇదేందయ్యా, లోపట గుడ్డ ఏది?"

"వదల్లే."

"ఊరందరికి నీతులు చెప్తివి. లోపట గుడ్డ వదలనోడు టైలరే కాదంటివి."

"ఊరందరికి వదులుత," అన్నాడు రాజనర్సు, మిషన్ మీద మూత పెడుతూ. "నీకే వదల. ఇగ విప్పుకుంటందుకు నీ దగ్గర ఏం లేదు."

"మరి బిగుతైతే?"

"బిగుతైతే నాకు చెప్పు. దుకాణంల ఎంత గిరాకున్నా చెప్పు, నా మనసు నొచ్చినా చెప్పు. కొత్తది కుడత."

దేవవ్వ జాకెట్టు తొడుక్కుంది. ఎడమ చెయ్యి దూరింది, కుడి చెయ్యి దూరింది. రెండూ సమంగా పట్టాయి. కుడి చెయ్యి పైకెత్తి, దించి, మరోసారి ఎత్తి చూసుకుంది.

"చెప్త," అంది.